చిన్న చేపల మధ్య చెర్రీ రొయ్యలు: ఒకే ట్యాంకులో పిల్లలు తీయడం ఎలా?

అక్వేరియంలో ఎర్ర చెర్రీ రొయ్యలు పెంచాలని సరదాపడే వాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ఏ చేపతో కలిపి పెట్టొచ్చు? అడగాల్సిందే గానీ, అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. ట్యాంకులోకి ముందు దిగేది రొయ్యా, చేపా? నా అనుభవంలో గెలుపోటములు అక్కడే తేలిపోతాయి.

నేను విజయవాడలో ఫ్లాట్‌లో ఉంటాను. హాల్లో రెండడుగుల ట్యాంకు. మొదటిసారి అప్పటికే గప్పీలున్న ట్యాంకులో పది రొయ్యలు వేశాను. పెద్దవి బాగానే తిరిగేవి, గుడ్లు కూడా పెట్టేవి. కానీ నాలుగు నెలలైనా ఒక్క పిల్ల కూడా కంటపడలేదు. రెండోసారి చేపలకు తెల్లమచ్చల జబ్బొస్తే దుకాణంలో ఇచ్చిన మందు సీసా మీద ఏముందో చదవకుండా పోశాను. అందులో రొయ్యలకు విషమైన రాగి ఉంది. తెల్లారేసరికి చేపలన్నీ బాగున్నాయి, రొయ్యలన్నీ పోయాయి. మూడోసారి వరస మార్చాను. మూడున్నర నెలలు రొయ్యలే, వాటి మంద నిలదొక్కుకున్నాకే చేపలు. ఆ ట్యాంకు ఇప్పటికీ నడుస్తోంది, పిల్లలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. కింద రాసిందంతా ఆ మూడో ట్యాంకు నేర్పిన పద్ధతి.

ముందు రొయ్య సంగతి

రొయ్య అనగానే మనకు భీమవరం, నెల్లూరు చెరువులు గుర్తొస్తాయి. అక్కడ పెంచే వనామీ సముద్రపు రొయ్య. దాని సీడు సముద్రం ఒడ్డున హేచరీల్లో తీసి చెరువులకు తెస్తారు. మంచినీళ్లలో పెరిగే నీలకంఠ రొయ్యకు కూడా పిల్లలు బతకాలంటే మొదట్లో ఉప్పు కలిసిన నీళ్లే కావాలి. అక్వేరియంలో నాచు తినడానికి వేసే అమానో రొయ్యదీ అదే కథ. జపాన్‌కు చెందిన తకాషి అమానో మొక్కల ట్యాంకుల్లో దానికి పేరు తెచ్చాడు గానీ, మంచినీళ్లలో దాని పిల్లలు బతకవు.

చెర్రీ రొయ్యకు ఆ బాధ లేదు. దీని శాస్త్రీయ నామం నియోకారిడీనా డేవిడీ, సొంతూరు చైనా, తైవాన్ వైపు వాగులు. గుడ్డులోంచే తల్లికి నకలులా, రెండు మిల్లీమీటర్ల రొయ్యగా బయటికొస్తుంది. లార్వా దశ లేదు, ఉప్పునీళ్లతో పని లేదు. పుట్టిన నిమిషం నుంచే పాకుడు గీకుతూ తన తిండి తనే వెతుక్కుంటుంది. ఇంట్లో పిల్లలు తీయడానికి ఇంతకన్నా తేలికైన రొయ్య లేదు.

దుకాణాల్లో నలుపూ తెలుపూ చారలతో, ఎరుపూ తెలుపూ పట్టీలతో మెరిసిపోయే బీ రొయ్యలు కనిపిస్తాయి. అవి కారిడీనా జాతివి. మెత్తటి (ఖనిజాలు తక్కువున్న), కాస్త పులుపు వైపున్న నీళ్లు, ఇరవై నాలుగు డిగ్రీలు దాటని చల్లదనం కావాలి. మన ఊళ్ల వేసవికి నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా అవి నిలవవు. మొదటిసారి పెంచేవాళ్లు వాటి జోలికి పోవద్దు.

ట్యాంకు, ఇసుక, మొక్కలు

చేపలు కూడా ఉండాలనుకుంటే యాభై లీటర్లకు తగ్గకండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు సరిగ్గా సరిపోతుంది. చిన్న ట్యాంకులో నీళ్లు ఒక్క పూటలో చెడిపోతాయి. పైగా పిల్లలు దాక్కోవడానికి చోటుండదు.

ఫిల్టరు విషయంలో నాకు రెండో మాట లేదు, స్పాంజ్ ఫిల్టరే. ఒక ఎయిర్ పంపు, దానికో స్పాంజ్. పిల్లలు లోపలికి లాగేసుకుపోవు, పైగా ఆ స్పాంజ్ మీద పేరుకున్న పాకుడే వాటికి భోజనం. ఇప్పటికే ట్యాంకు అద్దానికి వేలాడే ఫిల్టరు వాడుతుంటే నీళ్లు పీల్చే గొట్టానికి ముతక స్పాంజ్ తొడుగు వేయండి. అది లేకపోతే పిల్లలు ఎక్కడికి పోతున్నాయో తెలియక చేపల్ని అనుమానిస్తూ కూర్చుంటారు. కరెంటు పోయే ఊరైతే పంపును ఇన్వర్టర్ లైనుకు కలపండి, లేదా బ్యాటరీతో నడిచే పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

అడుగున ముదురు రంగు ఇసుక గానీ సన్న గులకరాళ్లు గానీ వేయండి. తెల్ల ఇసుక మీద రొయ్యలు పాలిపోతాయి. నల్లటి నేల మీద వాటి ఎరుపు నిండుగా తేలుతుంది. అక్వేరియాల కోసం అమ్మే ఖరీదైన మట్టి గుళికలు (సాయిల్) చెర్రీ రొయ్యకు అక్కర్లేదు.

మొక్కల్లో అన్నిటికన్నా ముఖ్యం జావా మాస్, నీళ్లలో గుబురుగా అల్లుకునే సన్నటి మొక్క. గుప్పెడు కాదు, ట్యాంకు అడుగులో మూడో వంతైనా నిండాలి. దాంతోపాటు గప్పీ గ్రాస్, జావా ఫెర్న్, అనుబియాస్ ఉంటే చాలు. వీటికి ఎక్కువ వెలుగు వద్దు, రోజుకు ఆరేడు గంటల లైటు సరిపోతుంది. కొన్న మొక్కల్ని నేరుగా ట్యాంకులో పెట్టకండి. పురుగుమందు కొట్టిన మొక్క ఒక్కటి చాలు, రొయ్యల మంద మొత్తం పోతుంది. బకెట్ నీళ్లలో వారం, పది రోజులు ఉంచి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చి, ఆ తర్వాతే లోపలికి తీసుకోండి. కాలవలోంచి, చెరువులోంచి తెచ్చిన నాచు అసలే వద్దు. దాంతో తూనీగ పిల్లలు వస్తాయి. చూడ్డానికి చిన్న పురుగులా ఉంటుంది గానీ రాత్రికో రొయ్యని పట్టి తినేస్తుంది.

ఇక ఒక మూలన రాళ్ల కుప్ప. ఇదే నా ట్యాంకుకు గుండెకాయ. నిమ్మకాయంత, ఉసిరికాయంత గుండ్రటి రాళ్లు కడిగి, వాటిని మూలన జానెడు ఎత్తు పోగేశాను. సందుల్లో మాస్ కుక్కాను. రాయికీ రాయికీ మధ్య మిగిలే సందులో పిల్ల రొయ్య దూరుతుంది, చేప తల దూరదు. సిమెంటు, సున్నం అంటిన రాళ్లు వద్దు.

పైన రెండు మూడు ఎండు బాదం ఆకులు. కోనసీమ నుంచి ఆదిలాబాద్ దాకా రోడ్ల పక్కన గొడుగులా పరుచుకునే నాటు బాదం చెట్టు సంగతే చెబుతున్నాను. చెట్టు కింద తనంతట తాను రాలి, గోధుమ రంగుకు తిరిగిన ఆకులే ఏరండి. ట్రాఫిక్ పొగ, మందులు తగలని చోటు చూసుకోండి. కడిగి, నీడన ఆరబెట్టి వేస్తే రెండు మూడు రోజుల్లో మునుగుతుంది. రెండు వారాలకు మెత్తబడి పాకుడు పడుతుంది. ఆ తర్వాత రొయ్యలు దాన్ని ఈనెలు మిగిలేదాకా నాకేస్తాయి. ఒకరోజు అలా తిని వదిలేసిన ఆకును బయటికి తీసి వెలుగుకు పట్టి చూశాను. కండంతా పోయి ఈనెల జల్లెడ మిగిలింది, ఆ జల్లెడ కన్నాల్లో నాలుగు పిల్లలు ఇంకా గీకుతూనే ఉన్నాయి. గబుక్కున మళ్లీ నీళ్లలో వదిలాను. అప్పటినుంచి పాత ఆకులు పారేసేముందు ఒక గిన్నెలో జాడించి చూస్తాను.

నీళ్లు

విజయవాడలో మున్సిపల్ కుళాయి నీళ్లు కృష్ణవి. క్లోరిన్ కలిపి వదులుతారు. బకెట్‌లో పట్టి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెట్టి ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరైతే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి.

బోరు నీళ్లది వేరే కథ. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లకు టీడీఎస్ మీటరు 900 చూపిస్తుంది. వంటింట్లో ఆర్‌వో నీళ్లకు 50. బోరు నీళ్లు ఒక వంతు, ఆర్‌వో నీళ్లు మూడు వంతులు కలిపితే 260 దగ్గర వస్తుంది. చెర్రీ రొయ్యకు 150 నుంచి 300 మధ్య హాయిగా ఉంటుంది కాబట్టి నాకు అది సరిపోయింది. మీ నీళ్ల లెక్క మీరే వేసుకోండి. అయితే టీడీఎస్ మీటరు నీళ్లలో ఎంత కరిగిందో చెబుతుంది గానీ ఏం కరిగిందో చెప్పదు. రొయ్యకు గుల్ల కట్టుకోవడానికి కాల్షియం, మెగ్నీషియం కావాలి. వాటిని కొలిచేది జీహెచ్ కిట్. జీహెచ్ 6 నుంచి 12 మధ్య, పీహెచ్ 6.5 నుంచి 8 మధ్య ఉంటే చాలు. ఉత్త ఆర్‌వో నీళ్లలో మాత్రం రొయ్యలు వేయకండి, అందులో గుల్లకు సరుకుండదు. జీహెచ్ తక్కువైతే ఆయుర్వేద మూలికల దుకాణంలో సముద్రపు నురుగు పేరుతో అమ్మే తెల్లటి పెంకు తెచ్చి, గోరంత ముక్క వేసి చూడండి. నిదానంగా కరుగుతూ కాల్షియం ఇస్తుంది, రొయ్యలు కూడా దాన్ని పట్టుకుని గీకుతాయి.

ట్యాంకు నింపాక ఖాళీగా నడవనివ్వాలి. నెల నుంచి నెలన్నర. అందరూ ఓపిక పోగొట్టుకునేది ఇక్కడే. రోజూ చిటికెడు చేపల మేత వేస్తుండండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. దాన్ని తినే బ్యాక్టీరియా పెరిగి నైట్రైట్ చేస్తుంది, దాన్ని తినే ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా వచ్చి, నైట్రేట్ కనిపించడం మొదలైతే ట్యాంకు తయారైనట్టు. ఎవరి దగ్గరైనా బాగా నడుస్తున్న ట్యాంకు ఉంటే వాళ్ల స్పాంజ్ పిండిన మురికి నీళ్లు ఒక గ్లాసు అడిగి పోసుకోండి, పని త్వరగా అవుతుంది. కిట్ సున్నా చూపించినా నేను ఇంకో రెండు వారాలు ఆగుతాను. అద్దాల మీద, రాళ్ల మీద వేలు పెడితే జారేంత పాకుడు పట్టాలి. అది లేని ట్యాంకులో పుట్టిన పిల్లలకు మొదటి వారం తిండి దొరకదు.

రొయ్యల్ని దించడం

ఒకే రంగువి పదిహేను తెచ్చుకోండి. అర అంగుళం, ముప్పావు అంగుళం ఉన్న కుర్ర రొయ్యలైతే మంచిది. పెద్దవాటి ఆయుష్షే ఏడాది, రెండేళ్లు. దుకాణంలో కొన్న పెద్ద రొయ్యకు ఎంత మిగిలి ఉందో తెలియదు. పదిహేనులో మగా ఆడా రెండూ తప్పకుండా వస్తాయి.

రొయ్యకు చావు ఎక్కువగా దించే రోజే రాసిపెట్టి ఉంటుంది. సంచీ నీళ్లకూ ట్యాంకు నీళ్లకూ తేడా ఒక్కసారిగా తగిలితే తట్టుకోలేదు. దీనికి నేను వాడేది మందుల షాపులో దొరికే కొత్త సెలైన్ సెట్. ఒక కొస ట్యాంకులో, ఇంకో కొస కింద పెట్టిన గిన్నెలో. గిన్నెలో రొయ్యలు, వాటి సంచీ నీళ్లు. గొట్టం మీద చక్రం తిప్పి సెకనుకు మూడు చుక్కలు పడేలా చూసుకుంటే గంటన్నరలో సంచీ నీళ్లకు దాదాపు రెండింతలు కొత్త నీళ్లు కలుస్తాయి. అప్పుడు వలతో మెల్లగా ఎత్తి ట్యాంకులో వదలండి. గిన్నెలో నీళ్లు లోపల పోయకండి. లైటు ఆపేసి ఆ రోజుకు వదిలేయండి.

మర్నాడు ట్యాంకులో తెల్లటి, పారదర్శకమైన రొయ్య శవంలాంటిది కనిపిస్తే కంగారుపడొద్దు. అది విడిచిన గుల్ల అయి ఉండొచ్చు. చచ్చిన రొయ్య గులాబీ రంగుకు తిరుగుతుంది, గుల్ల అద్దంలా ఉంటుంది. గుల్లను తీసేయకండి, వాళ్లే తినేసి కాల్షియం వెనక్కి తీసుకుంటారు. చూశారా, వాటిని వాళ్లు, వీళ్లు అనేయడం నాకు అలవాటైపోయింది.

గుడ్లు, పిల్లలు

ఆడది పెద్దది, రంగు చిక్కగా ఉంటుంది, పొట్ట కింద అంచు గుండ్రంగా దిగి ఉంటుంది. మగది సన్నగా, పాలిపోయినట్టు ఉంటుంది. ఆడరొయ్య ఈడుకొచ్చిందంటే తల వెనక వీపు మీద గుర్రం జీనులాంటి పసుపు మచ్చ కనిపిస్తుంది. అవి లోపల పెరుగుతున్న గుడ్లు. తర్వాత గుల్ల విడిచిన రోజు ట్యాంకంతా హడావుడిగా ఉంటుంది. మగవన్నీ మతి పోయినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు ఈదుతుంటాయి. ఆడది వదిలిన వాసన నీళ్లలో కలిసింది, వెతుకుతున్నాయి. జబ్బనుకుని నీళ్లు మార్చే వాళ్లున్నారు, అలా చేయకండి.

మర్నాటికి గుడ్లు పొట్ట కిందికి దిగి ఉంటాయి. ఇరవై, ముప్పై దాకా. వాటిని ఈత కాళ్ల మధ్య పట్టుకుని రాత్రింబగళ్లు విసురుతూనే ఉంటుంది. అద్దానికి దగ్గరగా వచ్చినప్పుడు భూతద్దం పెట్టి చూడండి. అయిదు జతల కాళ్లు ఒకదాని వెంట ఒకటి, వరి చేలో గాలి తెరలా, ముందుకీ వెనక్కీ కదులుతాయి. మధ్యమధ్యలో ఆగి, నడిచే కాలొకటి వెనక్కి చాపి ఒక్కో గుడ్డునూ తడుముతుంది. పాడైన దాన్ని తీసి పారేస్తుంది. గుడ్డు పొదగడానికి వేడిని బట్టి మూడు నుంచి నాలుగు వారాలు. చివరి వారంలో ఒక్కో గుడ్డులో రెండు నల్ల చుక్కలు తేలతాయి, అవి కళ్లు.

ఈ నెలరోజులూ మీరు చేయాల్సిన గొప్ప పని ఏమీ చేయకపోవడమే. గుడ్ల మీదున్న రొయ్యని వలతో పట్టి వేరే డబ్బాలో పెట్టే అలవాటు చాలామందికి ఉంది. నాకు అది నచ్చదు. బెదిరితే గుడ్లు వదిలేస్తుంది, గుల్ల విడిస్తే గుడ్లన్నీ గుల్లతోపాటే పోతాయి. మొదటి కాన్పు రొయ్యలైతే ఊరికే ఉన్నా కొన్ని గుడ్లు జారవిడుస్తాయి. రెండోసారి సర్దుకుంటుంది.

పొట్ట కింద పచ్చటి గుబురు కనిపిస్తే అన్నిసార్లూ గుడ్లు కావు. గుడ్లు విడివిడిగా, ద్రాక్ష గుత్తిలా ఉంటాయి. పీచులా, దూది రేణువుల్లా పచ్చగా వేలాడుతుంటే అది నాచులాంటి పరాన్నజీవి. అలాంటిదాన్ని మాత్రం వెంటనే వేరు చేయండి.

పిల్లలు పుట్టిన మొదటి రోజుల్లో కనిపించవు. పెద్దగా తిరగవు, పుట్టిన చోటే మాస్‌లో అంటిపెట్టుకుని ఉంటాయి. రాత్రి లైటు ఆపిన గంట తర్వాత చిన్న టార్చి వేసి బాదం ఆకు అంచు చూడండి. ఆవగింజకన్నా కాస్త పొడవుగా, గాజు ముక్కలా, రెండు నల్ల కళ్లతో ఒకటి కదిలితే మీ ట్యాంకు నిలబడినట్టే. రెండున్నర, మూడు నెలలకు ఆ పిల్లలే గుడ్లు పెట్టే ఈడుకొస్తాయి.

చేపలు ఎప్పుడు, ఏవి?

మొదటి పిల్లలు పెద్దవై, అద్దం ముందు నిలబడితే ఒక్క చూపులో ముప్పై నలభై రొయ్యలు లెక్కకు వస్తున్నప్పుడు చేపల సంగతి ఆలోచించండి. నాకు మూడు నెలలు దాటి నాలుగో నెల సగం పట్టింది. అప్పటికి మాస్ చిక్కబడి ఉంటుంది, దాక్కునే దారులు రొయ్యలకు తెలిసి ఉంటాయి.

ఒక సూటి నిజం ముందే చెబుతాను. నోట్లో పట్టే పిల్లను తినని చేప దాదాపు లేదు. నేను పూర్తిగా నమ్మేది ఆటోసింక్లస్ ఒక్కదాన్నే. అది అద్దాలకు అతుక్కుని నాచు గీకే చిన్న చేప. రొయ్య పిల్ల ముక్కు మీద ఎక్కినా పట్టించుకోదు. అయితే దుకాణానికి వచ్చేసరికే సగం ఆకలితో ఉంటుంది, కొత్త ట్యాంకులో మాడి చచ్చిపోతుంది. పొట్ట గుండ్రంగా ఉన్నవి చూసి, నాచు బాగా పట్టిన ట్యాంకులోకే నాలుగైదు తెచ్చుకోండి.

మిగతావాటిని నోటిని బట్టి ఎంచుకోవాలి. ఎంబర్ టెట్రా రెండు సెంటీమీటర్లే ఉంటుంది, నోరు చిన్నది. అప్పుడే పుట్టిన పిల్లల్ని కొన్నింటిని తింటుంది, వారం దాటినవాటి జోలికి పెద్దగా పోదు. యాభై లీటర్లకు ఎనిమిది వేయొచ్చు. చిల్లీ రాస్‌బోరా ఇంకా చిన్నది, మచ్చలతో ఎంతో అందంగా ఉంటుంది గానీ మెత్తటి నీళ్లు కోరుకుంటుంది. టీడీఎస్ ఎక్కువున్న మన ఊళ్లలో దానికి బాగా ఆర్‌వో కలపాలి. పిగ్మీ కోరీ గుంపుగా తిరిగే బుద్ధిమంతురాలు. గట్టి (ఖనిజాలు ఎక్కువున్న) నీళ్లుండే ఇంట్లో గప్పీల్లాంటి చిన్న చేపలు ఎండ్లర్లే, అందులోనూ మగవే మేలు. మగవే అనడానికి కారణముంది. ఆడవి కూడా ఉంటే రెండు నెలల్లో వాటి పిల్లలతో ట్యాంకు నిండిపోతుంది, అప్పుడు రొయ్య పిల్లకు సందు దొరకదు. ప్రస్తుతం నా ట్యాంకులో ఎంబర్ టెట్రాలు ఎనిమిది, ఆటోసింక్లస్‌లు నాలుగు.

బెట్టా, గౌరామి, ఏంజెల్, గోల్డ్‌ఫిష్, బార్బ్, లోచ్, సిక్లిడ్ ఏ రకమైనా సరే, వద్దు. మెరిసే చిన్న గౌరామి అమాయకంగా కనిపిస్తుంది గానీ మాటువేసి పట్టే వేటగాడు. కేరళ నదుల్లో పుట్టే మరుగుజ్జు పఫర్, మన దేశపు చేపే అయిన స్కార్లెట్ బాడిస్, ఈ రెండూ ఎంత ముచ్చటగా ఉన్నా రొయ్యల ట్యాంకులో పెట్టకూడదు. నియాన్ టెట్రా పెద్ద రొయ్యల్ని ఏమీ అనదు, పిల్లల్ని మాత్రం బాగా తగ్గించేస్తుంది.

కొత్త చేపల్ని మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి, జబ్బు లేదని తేలాకే కలపండి. ఆ తొట్టిలో ఏ మందైనా వాడుకోవచ్చు. రొయ్యలున్న ట్యాంకులో చేపల మందు ఒక్క చుక్క కూడా పడకూడదు.

చేపలు దిగాక పిల్లల లెక్క తగ్గుతుంది. అది సహజం. అంతకుముందు నెలకు యాభై కనిపిస్తే ఇప్పుడు పది పదిహేను మిగులుతాయి. ఆ పది పదిహేనుతోనే మంద పెరుగుతుంది. రెండు నెలలు చూసినా అర అంగుళంలోపు రొయ్యలు ఒక్కటీ లేవంటే చేపలు ఎక్కువయ్యాయి, లేదా మాస్ తక్కువైంది. మాస్ పెంచండి, ఇరవై లీటర్ల చిన్న తొట్టి ఒకటి రొయ్యలకే కేటాయించి పదింటిని అందులోకి మార్చండి. నేను ఎప్పుడూ అలాంటి తొట్టి ఒకటి నడుపుతూనే ఉంటాను. పెద్ద ట్యాంకులో ఏదైనా జరిగితే విత్తనం మిగలాలి కదా.

మేత

మా మామయ్యకు కైకలూరు దగ్గర చెరువులున్నాయి. అక్కడ మేత వేశాక చెక్ ట్రే ఎత్తి చూస్తారు, ఎంత తిన్నాయి, ఎంత మిగిలింది అని. నేను ట్యాంకులో అదే చేస్తున్నాను. చిన్న గాజు గిన్నె ఒకటి అడుగున పెట్టి, మేత అందులోనే వేస్తాను. రెండు గంటల తర్వాత మిగిలి ఉంటే తీసేసి, మరుసటిసారి తగ్గిస్తాను. అక్వేరియం రొయ్యలు ఆకలితో చచ్చేవి తక్కువ, మిగిలిన మేత కుళ్లి చచ్చేవే ఎక్కువ.

వారానికి మూడు నాలుగుసార్లు వేస్తే చాలు. పాలకూర, మునగాకు, బీరకాయ చెక్కు, గుమ్మడి ముక్క, ఏదైనా ఉప్పు నీళ్లలో బాగా నానబెట్టి కడిగి, మంచినీళ్లలో రెండు నిమిషాలు ఉడికించి చల్లార్చి వేయండి. కూరగాయల మీద మందు అవశేషాలు రొయ్యకు విషం, అందుకే మా బాల్కనీ కుండీలో మునగ చెట్టు పెట్టుకున్నాను. పది రోజులకోసారి మాంసకృత్తులున్న రొయ్యల మేత. పుట్టిన పిల్లల కోసం పొడి మేత సూది మొనంత.

చేపలున్నాక వరస పాటించండి. ముందు చేపలకు ట్యాంకు ఆ చివర మేత. అవి అక్కడ మూగాక ఈ చివర గిన్నెలో రొయ్యలకు. చేపలకు కొద్దికొద్దిగా రోజుకు రెండుసార్లు వేయండి. ఆకలిగా ఉన్న చేప మాస్‌లోకి మూతి పెట్టి వెతుకుతుంది, కడుపు నిండినది వెతకదు.

వారానికి పదో వంతు నీళ్లు మార్చండి, అంతకు మించవద్దు. కొత్త నీళ్ల వేడి, టీడీఎస్ ట్యాంకుతో సమానంగా ఉండాలి. ఒక్కసారిగా సగం మార్చేస్తే రొయ్యలు వేళ కాని వేళ గుల్ల విడుస్తాయి. తలకూ ఒంటికీ మధ్య చుట్టూ తెల్లటి ఉంగరంలా చీలిక కనిపించిన రొయ్య చాలాసార్లు గుల్లలోంచి బయటపడలేక చనిపోతుంది.

అడుగున తెల్లటి దారంలాంటి పురుగులు గింగిరాలు తిరుగుతుంటే భయం లేదు, మేత ఎక్కువైందని అర్థం. అద్దం మీద పాకుతూ, బాణం మొనలా తల ఉన్నది మాత్రం ప్లనేరియా. అది పిల్లల్ని, గుల్ల విడిచి మెత్తగా ఉన్న రొయ్యల్ని పడుతుంది. మేత సగానికి తగ్గించండి, రాత్రి ఎర పెట్టిన ట్రాపుతో పట్టండి.

ఎండాకాలం, ఇంట్లో వాడే మందులు

రొయ్యకు 22 నుంచి 26 డిగ్రీలు సుఖం. 28 దాటాక తిండి తగ్గిస్తుంది, గుడ్లు ఆపుతుంది, 32 దాటితే ప్రాణం మీదికొస్తుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. లీటరుకు 20 డిగ్రీల దగ్గర తొమ్మిది మిల్లీగ్రాములు పట్టే నీళ్లు 30 దగ్గర ఏడున్నరే పడతాయి. విజయవాడ మే నెలలో ఏసీ లేని హాల్లో నా ట్యాంకు 33 చూపించింది. మూత తీసి, నీటి మట్టం మీదుగా చిన్న టేబుల్ ఫ్యాన్ తిప్పితే మూడు డిగ్రీలు దిగింది. ఫ్యాన్ గాలికి నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పులు మిగిలిపోతాయి. అందుకే ఆ నీళ్లను భర్తీ చేయడానికి ఉత్త ఆర్‌వో నీళ్లే పోయాలి. తేమ ఎక్కువుండే విశాఖ, కాకినాడల్లో ఫ్యాన్ అంత పని చేయదు. అక్కడ ట్యాంకును ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదికి మార్చడమే దారి. ఐసు ముక్కలు వేయకండి, ఎగుడుదిగుడు వేడి ఇంకా ప్రమాదం. వేడి ఎక్కువగా ఉన్నప్పుడు పెరిగిన పిల్లల్లో మగవే ఎక్కువవుతాయి, అందుకే వేసవి దాటాక గుడ్ల రొయ్యలు తగ్గినట్టు కనిపిస్తుంది.

దోమల మందు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్లగ్‌లో పెట్టే లిక్విడ్, కాయిల్, బొద్దింకల స్ప్రే, వీటిలో ఉండేవి పురుగుల్ని చంపే మందులు. రొయ్య పురుగుకు దగ్గరి చుట్టం. ఎయిర్ పంపు గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి పంపుతుంది. మా ఇంట్లో ట్యాంకున్న గదిలో అవన్నీ మానేశాం, దోమతెర కట్టుకుంటున్నాం. స్ప్రే కొట్టక తప్పని రోజు ట్యాంకు మీద తడిగుడ్డ కప్పి, పంపును ఇంకో గదిలో పెట్టి పొడుగు గొట్టం వేస్తాను. ట్యాంకులో చేయి పెట్టేముందు సబ్బు, శానిటైజర్ లేకుండా మోచేతి దాకా కడుక్కోండి. మాకు తోట పని కూడా ఉంది కాబట్టి వేప నూనె పట్టుకున్న చేతుల్ని ఇంకా జాగ్రత్తగా చూసుకుంటాను.

మంద పెరిగాక

ఎరుపు, నీలం, పసుపు చెర్రీ రొయ్యల్ని కలిపి పెంచితే అన్నీ ఒకే జాతి కాబట్టి కలిసిపోతాయి. రెండు మూడు తరాలకు మట్టి రంగు, పారదర్శకం మిగులుతుంది. ఒక ట్యాంకుకు ఒకటే రంగు పెట్టండి. పాలిపోయినవాటిని ఏరి వేరే తొట్టిలో వేసుకుంటే మిగిలిన మంద ఏటికేడు ఎరుపెక్కుతుంది.

ఎక్కువైన రొయ్యల్ని, చేపల్ని కాలవలో, చెరువులో వదలకండి. జర్మనీలో విద్యుత్ కేంద్రం నుంచి వేడి నీళ్లు కలిసే ఒక వాగులో ఈ చెర్రీ రొయ్యలే సొంతంగా కాపురం పెట్టాయి. వెచ్చటి నీళ్లు దొరికితే అలా నిలిచినవి మన కాలవల్లో నిలవకుండా ఎందుకుంటాయి? నేను అడిగినవాళ్లకు పంచేస్తాను. ఇచ్చే ముందురోజు మేత వేయను. సంచీలో మూడో వంతు ట్యాంకు నీళ్లు, గుప్పెడు మాస్, పైన గాలి. రొయ్యలు మాస్‌ను పట్టుకుని కూర్చుంటాయి, బండి మీద కుదుపులకు కొట్టుకోవు. మాస్ వెనక్కి తీసుకోను, కొత్త ట్యాంకులో మొదటి పాకుడు అదే. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎవరు అడిగినా ఇవ్వను. వానలు పడి నీళ్లు 27కు దిగాక ఫోన్ చేసి రమ్మంటాను, వచ్చేటప్పుడు వాళ్ల ట్యాంకు నీళ్లు ఒక సీసాలో పట్టుకురమ్మంటాను. టీడీఎస్ చూసి, కుదిరితేనే రొయ్యలు.